గంట విమానం, ఏడు గంటల ప్రయాణం

విజయవాడ నుంచి హైదరాబాద్‌కు విమానంలో గంటేనని ఎవరైనా చెబితే, ఏ ఇంటి నుంచి ఏ ఇంటికో అడగండి.

గన్నవరం, శంషాబాద్ విమానాశ్రయాల మధ్య ఆకాశంలో దూరం సుమారు 260 కిలోమీటర్లు. చిన్న ఏటీఆర్ విమానం కూడా గంట పైన అయిదు పది నిమిషాల్లో దింపేస్తుంది. కానీ మేముండేది భవానీపురంలో. హైదరాబాద్ బస్సులు మా ముందు నుంచే గొల్లపూడి వైపు వెళ్లిపోతాయి. విమానం ఎక్కాలంటే మాత్రం ఊరంతా దాటి, ఎదురు దిక్కున ఇరవై కిలోమీటర్ల పైచిలుకు గన్నవరం పోవాలి. అవతల తమ్ముడి ఇల్లు ఎల్బీ నగర్‌లో. విజయవాడ బస్సులు నగరంలోకి అడుగుపెట్టేదే అటునుంచి. శంషాబాద్‌లో దిగినవాళ్లు మళ్లీ పాతిక కిలోమీటర్లు రావాలి.

అమ్మ మోకాళ్ల నొప్పుల కోసమని తమ్ముడే టికెట్లు తీశాడు. మనిషికి 3,240. గన్నవరానికి టాక్సీ 720. పదింబావు విమానానికి ఏడింటికే బయలుదేరాం. తీరా వెళ్లాక యాభై నిమిషాలు ఆలస్యమన్నారు, కారణం ఎవరూ చెప్పలేదు. రెండు టీలు, రెండు ప్లేట్ల వడలకు 460 తీసుకున్నారు. ధర విన్న అమ్మ వడ ముట్టుకోలేదు.

అసలు కష్టం విమానం దగ్గర. ఏటీఆర్‌కు వెనుక తలుపుకున్న ఇరుకు మెట్లే దారి. అమ్మ రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి ఎక్కింది. వెనుక జనం తొందరపెడుతున్నారు. అక్కడే నిలబడ్డ సిబ్బంది నేను గట్టిగా అడిగేదాకా చెయ్యి అందించలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవారు టికెట్ తీసేటప్పుడే వీల్‌చెయిర్ కావాలని, మెట్లు ఎక్కలేరని రాయించండి.

శంషాబాద్‌లో ఇంకో దోపిడీ. ఫోనులో 890 చూపించిన టాక్సీకి, సామాను ఎక్కించి అమ్మ కూర్చున్నాక, 1,300 నగదు ఇస్తేనే బండి కదులుతుందన్నాడు డ్రైవరు. ఆవిడను మళ్లీ దింపి ఎండలో నడిపించలేక ఒప్పుకున్నాను. కూర్చున్న ముసలావిడను చూసి బేరం పెంచడం నీచం. ఇల్లు చేరేసరికి రెండు కావస్తోంది. ఇద్దరికీ కలిపి 8,960 రూపాయలు, దాదాపు ఏడు గంటలు. అమ్మ దారంతా మాట్లాడలేదు.

తిరుగు ప్రయాణం ఏసీ బస్సులో, మనిషికి 640. ఆరింటికి ఎల్బీ నగర్‌లో ఎక్కాం. సూర్యాపేట దాటాక ఆగిన హోటల్లో పెసరట్టు 60 రూపాయలు. అంచులు కరకరలాడుతూ, లోపల అల్లం ముక్కలు పంటికి తగులుతూ, పైన జీలకర్ర వాసనతో వేడివేడిగా వచ్చింది. అమ్మ రెండోది కూడా అడిగి తిని, మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయని యజమానికి చెప్పి మరీ వచ్చింది. కాళ్లు చాచుకునే వీలున్న సీటు, మధ్యలో దిగి నాలుగడుగులు వేసే అవకాశం ఆవిడ మోకాళ్లకు విమానం కన్నా సుఖమిచ్చాయి. పదకొండూ ఇరవైకి భవానీపురంలో దిగాం.

శంషాబాద్‌లో ఇంకో విమానం అందుకోవలసినవాళ్లు, గన్నవరం చుట్టుపక్కల ఉండేవాళ్లు విమానం ఎక్కండి. సికింద్రాబాద్ వైపు పనుంటే వందే భారత్ రైలు సుమారు నాలుగు గంటల్లో చేరుస్తుంది. ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ వెళ్లేవాళ్లకు మాత్రం బస్సే. తప్పక శంషాబాద్‌లో దిగితే టాక్సీల జోలికి పోకుండా ఎల్బీ నగర్ వెళ్లే పుష్పక్ బస్సు ఎక్కండి.