చీలమండ మార్పించుకుని ఆరేళ్లు, వాడినవాడి మాట

మాది పర్లాకిమిడి, నాది దర్జీ పని. మోకీలు మార్పించుకున్నవాళ్లు మా వీధిలోనే నలుగురున్నారు గానీ చీలమండ అనగానే "అదీ మారుస్తారేటి?" అంటారు. మారుస్తారండి. పైఎముకకి ఒక రేకు, కిందెముకకి ఒక లోహం టోపీ, రెండిటి మధ్యన ప్లాస్టిక్ బిళ్ల, అంతే సరుకు.

నాది పాత బండి యాక్సిడెంటు. అప్పట్లో ప్లేటూ స్క్రూలూ వేశారు, పదిహేనేళ్లకి కీలు అరిగిపోయి ఎముకా ఎముకా రాసుకోడం మొదలైంది. విశాఖ డాక్టరుగారు రెండు దారులు చెప్పారు. ఎముకలు కలిపి బిగించేస్తే నొప్పి పోతాది గానీ కీలు ఆడదు, లేదంటే కీలు మార్చడం. మిషన్ తొక్కి బతికేవాణ్ణి, కీలు ఆడకపోతే ఎలాగ? మార్చమన్నాను.

వెంటనే చెయ్యలేదాయన. మూడ్నెల్ల సుగర్ టెస్టులో 8.9 వస్తే తగ్గించుకుని రమ్మని ఇంటికి పంపేశారు. ఖైనీ కూడా మానమన్నారు. నేను పొగ తాగను సార్ అంటే, నికోటిన్ పొగలో ఉన్నా దవడలో ఉన్నా ఒకటే, రక్తనాళాలు ముడుచుకుపోయి చర్మానికి రక్తం అందదు, పుండు మానదు అన్నారు. ఐదు నెలలు పట్టింది నాకు, సుగర్‌కన్నా ఖైనీయే ఎక్కువ ఏడిపించింది. తర్వాత కళ్లు మూసుకోమని సన్నటి నైలాన్ తీగ అరికాలికి ఆనించి "తగిలిందా?" అని అడిగారు. నాకు తెలిసింది. నాతో వచ్చిన కాశీనగర్ ఆయనకి చాలాచోట్ల తెలీనే లేదు. సుగర్ వల్ల నరాలు మొద్దుబారిన కాలికి కొత్త కీలు నిలవదని ఆయనకి ఆపరేషనే వద్దన్నారు. దారంతా డాక్టర్ని తిట్టుకుంటూ వచ్చాడు పాపం, ఇప్పుడు చీలమండని బిగించి పట్టే బూటు వేసుకుని బాగానే తిరుగుతున్నాడు.

ఇంత చేసినా దెబ్బ కోత దగ్గరే తగిలింది. చీలమండ ముందువైపు నిలువుగా కోస్తారు, అక్కడ కండ ఉండదు, పల్చటి చర్మం, పైగా నాకు పక్కనే పాత ఆపరేషన్ మచ్చ. కాలు ఎత్తులో పెట్టుకుని పడుకోమన్నారు. పెళ్లిళ్ల సీజన్ కదా అని నేను కుర్చీలో కాలు వేలాడేసుకుని బ్లౌజులు కత్తిరించాను, సాయంత్రానికి కాలు గుమ్మడికాయయ్యేది. కట్టు విప్పితే కోత మధ్యన రూపాయి బిళ్లంత నలుపు. మా ఆవిడ చూసి బయటికెళ్లిపోయింది. నెలపైన డ్రెస్సింగులు, పాతపట్నం రోజు విడిచి రోజు ఆటోలో. చీము లోపలికి దిగుంటే పెట్టిన సామానంతా తీసేయాల్సొచ్చేదట.

నా పక్క మంచం ఆవిడది కీళ్లవాతం, ఏళ్లతరబడి స్టెరాయిడ్ బిళ్లలు. ఆవిడ పుండు కూడా లేటుగానే మానింది. కాలు బాగా వంకర తిరిగినవాళ్లకి బరువు ఒకపక్కకి పడి, ఒళ్లు ఎక్కువున్నవాళ్లకి బరువే ఎక్కువై కీలు తొందరగా వదులవ్వచ్చన్నారు. ఇంకోటి, మోకీలు బాగా చేసే డాక్టరు ఇదీ బాగా చేస్తాడనుకోకండి, ఇది తక్కువమంది చేసే పని. ఇప్పటిదాకా ఎన్ని చీలమండలు చేశారండీ అని మొహం మీదే అడగండి, నేనడిగాను, ఆయనేం కోప్పడలేదు.

ఆరేళ్ల తర్వాత ఎలాగుందంటే, రాత్రి నిద్ర చెడగొట్టే ఆ నొప్పి లేదు, అది ఒక్కటి చాలు నాకు. రథయాత్రకి జనంలో నిలబడ్డాను, తాడు పట్టలేదనుకోండి. గొంతుకూర్చోలేను, గట్లమీద నడిస్తే భయం, సాయంత్రానికి కొంచెం వాపు. పోయినేడు ఎక్స్‌రేలో లోహం పక్కన ఎముకలో చిన్న నల్లమచ్చ కనిపించింది. ప్లాస్టిక్ అరిగిన పొడి వల్ల కూడా ఎముక అలా కరుగుతాదట, ఏడాదికోసారి చూద్దాం, పెరిగితే అప్పుడు ఆలోచిద్దాం అన్నారు. ఈ డిసెంబర్లో మళ్లీ ఎక్స్‌రే ఉంది. మిషన్‌కి మోటార్ పెట్టించేశాను, కరెంటు పోయినప్పుడు మాత్రం ఎడమకాలితో తొక్కుతున్నాను.