బరంపురం నుంచి విదేశాలకు సామాను పంపేవారికి హెచ్చరిక: ‘మనవాళ్లే కదా’ అని కాగితాలు వదిలేయకండి

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఉంటూ ఉద్యోగానికో, పిల్లల దగ్గరికో విదేశం వెళ్లబోతున్న తెలుగువాళ్లు దయచేసి ఇది చదివాకే సామాను పంపేవాళ్లకు అడ్వాన్సు ఇవ్వండి. మేము బరంపురం నుంచి మెల్‌బోర్న్‌కు ఇల్లు మార్చాం. 45 రోజుల్లో వస్తుందన్న సామాను 97 రోజులకు వచ్చింది. 1,43,000 రూపాయలకు మాట్లాడుకున్న పని పూర్తయ్యేసరికి ఖర్చు దాదాపు రెట్టింపయింది. మాకు జరిగింది ఇంకో ఇంటికి జరగకూడదనే రాస్తున్నాను.

మావారు ముందే వెళ్లిపోయారు. ఇల్లు ఖాళీ చేయడం నా మీద, అత్తయ్య, మావయ్యగార్ల మీద పడింది. విశాఖపట్నంలో ఆఫీసు ఉందని చెప్పిన ఒక సంస్థ తరఫున ఇక్కడి ఏజెంటు ఇంటికి వచ్చాడు. బజారంతా ఒడియాలో, ఇంట్లో తెలుగులో బతికే మాలాంటి వాళ్లకు, గడప దగ్గర నిలబడి తెలుగులో పలకరించే మనిషి మీద ఎక్కడలేని నమ్మకం కలుగుతుంది. ‘మీరు ఇచ్ఛాపురం వైపు వాళ్లా?’ అని మావయ్యగారిని అడిగాడు. రెండు నిమిషాల్లో చుట్టరికం కలిసింది. ఇంట్లో ఏమేం ఉన్నాయో నోటితో అడిగి, 110 ఘనపు అడుగులు అవుతుందన్నాడు. అడుగుకు 1,300 చొప్పున, ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మం దాకా అన్నీ కలిపి 1,43,000 అన్నాడు. రాసివ్వమంటే ‘మనలో మనకు కాగితాలెందుకు అక్కా, వాట్సాప్‌లో పెట్టాను కదా’ అన్నాడు. వాట్సాప్‌లో ఉన్నది ఆ మొత్తం ఒక్కటే. అది ఎన్ని అడుగులకు, అందులో ఏవి కలిశాయి, ఏవి కలవలేదు అన్న ముక్క లేదు. నేను ఇంకోసారి అడగవలసింది. అడగలేదు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఓడలో వెళ్లే ఇంటి సామానుకు లెక్క బరువు మీద కాదు, అది ఆక్రమించే చోటు మీద. ఒక ఇంటి సామానుకు కంటైనరు మొత్తం అక్కర్లేదు కాబట్టి, పదిమంది సామాను ఒకే కంటైనరులో సర్ది, ఎవరి చోటుకు వారి దగ్గర డబ్బు తీసుకుంటారు. ఓడ కంపెనీల లెక్క ఘనపు మీటర్లలో, ఊళ్లో ఏజెంటు లెక్క ఘనపు అడుగుల్లో ఉంటుంది. ఒక ఘనపు మీటరుకు సుమారు 35.3 ఘనపు అడుగులు. ఈ లెక్క తెలియని ఇంట్లో ఎంత చెబితే అంతే.

ఉదయం తొమ్మిదికి వస్తామన్న పనివాళ్లు మధ్యాహ్నం రెండింటికి వచ్చారు. నలుగురు కుర్రాళ్లు మూడు గంటల్లో ఇల్లంతా అట్టపెట్టెల్లోకి ఎక్కించేశారు. వాళ్ల చేతుల వేగం చూసి అప్పుడు సంతోషించాను. తినే వస్తువులు ఒక్కటీ పెట్టవద్దని చెప్పి నేను మేడ మీది బట్టలు సర్దడానికి వెళ్లాను. వంటింటి గూట్లో ఉన్నవి ఉన్నట్టుగా ఊడ్చి పెట్టెలో వేశారు. అత్తయ్య దాచుకున్న అప్పడాల డబ్బా, ధనియాల సీసా, చివరికి కొబ్బరి ఈనెల చీపురు కూడా అందులోకే వెళ్లాయి. సాయంత్రం లారీ కదిలే ముందు ఏజెంటు మూడు ఖాళీ ఫారాలు ఇచ్చి, ‘వివరాలు మేము నింపుకుంటాం, మీరు సంతకం పెట్టండి చాలు’ అన్నాడు. పెట్టాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన పెద్ద పొరపాటు ఆ మూడు సంతకాలే. ఆ ఫారాల్లోని సామాను జాబితాలో ‘ఆహార పదార్థాలు లేవు’ అని వాళ్లు నింపుకున్నారు. దాని కింద ఉన్నది నా సంతకం. తప్పుడు ప్రకటనకు అక్కడి అధికారులు అడిగేది సామాను యజమానినే తప్ప బరంపురం ఏజెంటును కాదు.

లారీ జాతీయ రహదారి పట్టుకుని విశాఖ గోదాముకు చేరాక ఫోను వచ్చింది. కొలిస్తే 174 ఘనపు అడుగులు అయిందట. ఇంకో 83,200 కట్టాలట. రెండు రోజుల్లో కట్టకపోతే గోదాము అద్దె రోజువారీగా పడుతుందట. నాలుగు రోజుల్లో నా విమానం. కొలతల కాగితం పంపమంటే పంపలేదు. సామాను వెనక్కి ఇచ్చేయమంటే ప్యాకింగ్ ఖర్చు, రానుపోను లారీ అద్దె కట్టి తీసుకెళ్లమన్నారు. ‘మావయ్యా’ అని పిలిచిన గొంతే ఆ రోజు ఆయనతో ఎంత కటువుగా మాట్లాడిందో చెప్పలేను. కట్టాం.

మెల్‌బోర్న్‌లో సామాను దిగాక, ఒక్క పెట్టె కూడా విప్పకముందే టేపు పెట్టి కొలిచాను. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న అట్టపెట్టెలు 17. ఒక్కొక్కటి నాలుగున్నర ఘనపు అడుగులు, అంటే మొత్తం 76.5. పన్నెండేసి ఘనపు అడుగుల పెట్టెలు రెండు. మా పాత భోషాణం చుట్టూ రక్షణగా కట్టిన చెక్క క్రేటును (చట్రం పెట్టెను) అక్కడి అధికారులు తీసేశారు గానీ, దాని కొలత అధికారుల తనిఖీ కాగితంలో ఉంది. అది సుమారు 28. అన్నీ కలిపితే 129 లోపే. నిజంగా ఎక్కువైనది 19 అడుగులు, దానికి 24,700 ఇవ్వడం న్యాయం. మిగిలిన 58,500 లేని చోటుకు కట్టిన అద్దె.

ఇక ఆ క్రేటు. మావయ్యగారి తాతగారి నాటి టేకు భోషాణం మాది. ఇత్తడి పువ్వుల తాపడం, లోపల ఇప్పటికీ కర్పూరం వాసన. దానికి చెక్కతో క్రేటు కట్టడానికి విడిగా 6,000 తీసుకున్నారు. వాళ్లు వాడింది పచ్చి మామిడి చెక్క. రెండు పలకల అంచున బెరడు అలాగే ఉంది. ఒక పలక మీద గుండుసూది పట్టేంత రంధ్రాలు, వాటి కింద సన్నని పొడి. పుచ్చు. ప్యాకింగ్ రోజున నేను తీసిన ఫొటోలో ఇదంతా స్పష్టంగా కనిపిస్తోంది. దాని అర్థం నాకు అప్పుడు తెలియదు.

దేశాల మధ్య వెళ్లే చెక్క ప్యాకింగ్‌కు ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. బెరడు తీసిన చెక్కనే వాడాలి. దాన్ని నడిమి భాగం దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచాలి, లేదా అనుమతి ఉన్న పొగమందు పెట్టాలి. అలా చేసిన చెక్క మీద గోధుమ వెన్ను బొమ్మతో ముద్ర ఉంటుంది. అందులో మన దేశం గుర్తుగా ‘ఐఎన్’ అనే అక్షరాలు, తయారీదారు సంఖ్య, వేడి చేస్తే ‘హెచ్‌టీ’ అని ఉంటాయి. మా క్రేటు మీద ఏ ముద్రా లేదు. మొక్కలు, పురుగులు, విత్తనాల విషయంలో ఆస్ట్రేలియా ఎంత కఠినంగా ఉంటుందో ఈ వ్యాపారం చేసేవాళ్లకు తెలియకుండా ఉండదు. క్రేటును నాశనం చేశారు. భోషాణానికి మందు పెట్టాలన్నారు. అప్పడాలు, ధనియాలు, చీపురు పారవేశారు. ఆ ఖర్చులన్నీ మావే. క్రేటు కట్టించుకునేటప్పుడు ముద్ర వేసిన చెక్క కావాలని అడగండి, కట్టాక ఆ ముద్రను మీరే వెతికి ఫొటో తీసుకోండి. ప్లైవుడ్‌కు ఈ ఐఎస్‌పీఎం నియమం వర్తించదు గానీ, వెళ్లే దేశం దాన్ని ఎలా చూస్తుందో ముందే కనుక్కోండి.

బీమా పేరుతో 7,500 తీసుకున్నారు. రెండున్నర లక్షల విలువకు మూడు శాతమట. అత్తయ్య పెద్ద పింగాణీ జాడీ, మిక్సీ, గాజు తలుపుల అర పగిలి వచ్చాయి. పాలసీ సంఖ్య అడిగితే ‘అది మా కంపెనీ బీమా’ అన్నారు. పాలసీ ఇచ్చేది బీమా సంస్థ మాత్రమే. మీ పేరు, సామాను విలువ, పాలసీ సంఖ్య ఉన్న కాగితం చేతికి రాకపోతే ఆ డబ్బు బీమాకు కట్టినట్టు కాదు.

‘గుమ్మం దాకా’ అన్న మాట కూడా నిలవలేదు. సామాను మెల్‌బోర్న్ రేవుకు చేరాక అక్కడి ఏజెంటు రేవు ఖర్చులు, కాగితాల ఖర్చు, తనిఖీ, మందు, ఇంటికి చేర్చడం అంటూ 1,180 ఆస్ట్రేలియా డాలర్ల బిల్లు పంపాడు. బరంపురంలో అడిగితే అవి ‘అక్కడి ఖర్చులు’ అన్నారు.

వెళ్లేవాళ్లు ముందుగా చేయవలసినది ఒకటే గట్టిగా చెబుతాను: మీ ఇంట్లోనే, మీ కళ్ల ముందే, లారీ ఎక్కకముందే ప్రతి పెట్టెనూ కొలిపించండి. సంఖ్య వేయించి, మొత్తం ఘనపు అడుగులు రాయించి, ఏజెంటు సంతకం తీసుకోండి. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి పది లక్షలతో భాగిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. ఫోను చాలు. వంటింటి దగ్గర ఇంటి మనిషి ఒకరు చివరిదాకా నిలబడాలి. ప్యాకింగ్ జాబితా మీరే రాయండి, ఖాళీ కాగితం మీద సంతకం వద్దు. చెప్పుల మట్టి కడిగి ఆరబెట్టండి. వెళ్లే ముందు కొత్త గ్రైండరు, కొత్త పట్టుచీరలు కొని సామానులో వేస్తున్నారా? ఆస్ట్రేలియాలో పన్ను మినహాయింపు 12 నెలలకు తక్కువ కాకుండా మీ దగ్గర ఉండి వాడిన వస్తువులకే. బరంపురం పట్టు కొనాలనుంటే చేతి సంచిలో తీసుకెళ్లడం మేలు.

సంస్థ నిజమైనదో కాదో చూసుకోవడం కూడా కష్టం కాదు. జీఎస్‌టీ సంఖ్య అడిగి జీఎస్‌టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే ఏ పేరుతో, ఏ చిరునామాతో నమోదైందో ఉచితంగా కనిపిస్తుంది. లారీ, ఓడ కలిపి ఒకే ఒప్పందం మీద పంపేవాళ్లు 1993 నాటి చట్టం ప్రకారం నౌకాయాన డైరెక్టర్ జనరల్ దగ్గర నమోదు చేసుకోవాలి. ఆ నమోదు అడగండి. నేను తరువాత వెతికితే, మా దగ్గర డబ్బు తీసుకున్న పేరు, రసీదు మీద పేరు, బిల్ ఆఫ్ లేడింగ్ (సామాను ఓడకు అప్పగించినట్టు ఇచ్చే రవాణా పత్రం) మీద పేరు మూడూ వేరువేరు.

ఇప్పటికే ఇలా నష్టపోయినవాళ్లు ఊరుకోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే చెప్పుకోవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, విశాఖ దాకా తిరగనక్కర్లేదు. గడువు రెండేళ్లు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. గంజాం జిల్లా కమిషన్ బరంపురంలోనే ఉంది. నా తరఫున మావయ్యగారికి అధికార పత్రం పంపాను. 17 పెట్టెల కొలతలు, పుచ్చు పట్టిన పలక ఫొటో, మూడు పేర్ల రసీదులు ఆయన ఫైలులో పెట్టుకున్నారు. వచ్చే వారం వేస్తున్నారు.