జోడేఘాట్‌లో ఒక పగలు: తడికె గోడలు, గూన పెంకుల ఇళ్లు

హనుమకొండ నుంచి ఆసిఫాబాద్ అడవుల్లోని గోండు పల్లె జోడేఘాట్ వెళ్లదలచినవారికి రైలు ప్రయాణమే మేలని నా అభిప్రాయం. కాజీపేటలో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆసిఫాబాద్ రోడ్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో ఆసిఫాబాద్ చేరుకొని రాత్రి అక్కడే బస చేశాము. లాడ్జి గది శుభ్రంగానే ఉన్నా తెల్లవారుజామున కుళాయిలో నీళ్లు రాలేదు. రెండుసార్లు అడిగిన తరువాత బకెట్లతో తెచ్చి ఇచ్చారు. మరునాడు జీపు మాట్లాడుకొని కెరమెరి, హట్టిల మీదుగా టేకు అడవి నడుమ కొండదారిన వెళ్లాము.

జల్, జంగల్, జమీన్ కోసం నిజాం పాలనపై పోరాడిన కుమురం భీం 1940లో నేలకొరిగింది ఈ జోడేఘాట్ కొండల్లోనే. ఆ తిరుగుబాటు తరువాతే నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులను అధ్యయనం చేయమని మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. భీం విగ్రహానికి నమస్కరించి మ్యూజియంలోకి వెళ్లాము. పనిముట్లు, నగలు, వాయిద్యాలు శ్రద్ధగా అమర్చారు, పిల్లలకు తప్పక చూపించవలసినదే. అయినా నా మనసు నిలిచింది మాత్రం ఊళ్లోని ఇళ్ల దగ్గర.

ఒక ఇంటి పక్క గోడకు మట్టి పెచ్చు ఊడి, లోపలి వెదురు తడికె కనబడింది. టేకు గుంజల మధ్య ఆ తడికెను నిలిపి, ఎర్రమట్టిలో పేడ, తరిగిన గడ్డి కలిపి రెండు వైపులా మెత్తుతారు. పైన గూన పెంకులు, ముందు వంగి లోపలికి వెళ్లేంత దిగువకు వాలిన చూరు, దాని కింద అరుగు. అరుగు అలుకుతున్న అవ్వను "చూడవచ్చా అవ్వా?" అని అడిగితే నవ్వి, పేడ చేతితోనే లోపలికి దారి చూపింది. ఆమె వేళ్లు గీసిన అర్ధచంద్రాల చారలు తడి ఆరని నేల మీద వరుసగా ఉన్నాయి. బయట ఎండ మండుతున్నా లోపల చల్లగా ఉంది. పక్కనే కొత్తగా కట్టిన స్లాబు ఇంట్లో మధ్యాహ్నం కూర్చోలేకపోతున్నామని ఆమె కొడుకు చెప్పాడు. వానకు ఏటా గోడ మెత్తే పని తప్పుతుందనే స్లాబు వేయించామన్నాడు. ఆ మాట న్యాయమైనదే కాబట్టి, పాత ఇల్లే ఉంచుకోండని చెప్పే అర్హత మనవంటి ఒకరోజు అతిథులకు లేదు.

ఊళ్లో బస గానీ హోటలు గానీ మాకు కనబడలేదు. తిండి, నీళ్లు వెంట తీసుకెళ్లడం మంచిది. దీపావళికి జరిగే గోండుల నృత్యోత్సవం దండారికి ముందు ఇళ్లన్నీ కొత్తగా అలుకుతామని అవ్వ చెప్పింది. అప్పుడు రమ్మని పిలిచింది కూడా. జీపు డ్రైవరు నంబరు రాసుకొని వచ్చాము.