డీజిల్ ముల్లు తప్పు చూపిస్తుంటే ఏది మేలు? పాత ట్యాంక్ యూనిట్ బాగుచేయించడమా, కొత్తది వేయడమా, కర్రనే నమ్ముకోవడమా

పోయినేడు హైదరాబాద్ రోడ్డు మీద సూర్యాపేట దాటి నకిరేకల్ ఇంకా రాకముందే అర్ధరాత్రి మా పది టైర్ల బండి ఆగిపోయింది. ముల్లు చూస్తే పావు ట్యాంకు మీద ఉంది, మూత తీసి లైటేసి చూస్తే చుక్క లేదు. డ్రైవర్ క్యాన్ పట్టుకుని బంకు దాకా పోయి డీజిల్ తెచ్చి పోశాడు గానీ అంతటితో అయిపోలేదు, పాత పంపు కదా లైన్లో ఎయిర్ పట్టేసింది, ఫిల్టర్ మీద స్క్రూ వదులు చేసి నురగంతా పోయి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా చేత్తో పంపు కొట్టుకుంటూ కూర్చుని బండి స్టార్ట్ చేసేసరికి తెల్లారింది. అప్పట్నుంచి ఈ ముల్లు సంగతి తేల్చుకోవాలని పట్టుబట్టాను.

అడిగితే తలా ఒకటి చెప్పారు, మీటర్ మార్చమని ఒకరు, ట్యాంక్ యూనిట్ (ట్యాంకులో తేలే ఫ్లోట్‌తో డీజిల్ ఎంతుందో చూసి మీటర్‌కి చెప్పేది) మార్చమని ఒకరు, పాతబండికి ముల్లెందుకు కర్ర పెట్టి చూసుకోమని ఇంకొకరు. నేను చెప్పేదేంటంటే దేనికీ డబ్బులు పెట్టకముందు పది నిమిషాల పని ఒకటుంది. కీ ఆన్ చేసి ట్యాంక్ యూనిట్ మీదున్న గేజ్ వైరు ఊడదీయండి, ముల్లు ఒక చివరకి పోవాలి. అదే వైరుని ఛాసిస్‌కి (బండి ఇనుప చట్రానికి) రెండు మూడు సెకన్లు తాకించండి, ముల్లు రెండో చివరకి రావాలి (పాత మీటర్లలో ముల్లు మెల్లగా లేస్తుంది, కొంచెం ఆగి చూడాలి, అలాగని ఎక్కువసేపు తాకించి ఉంచొద్దు). ఏ వైపు ఫుల్, ఏ వైపు ఎంప్టీ అన్నది బండిని బట్టి మారుతుంది, దాంతో మనకి పనిలేదు, రెండు చివరలకీ తిరిగిందా లేదా అన్నదే చూడాలి. తిరిగితే మీటరూ వైరూ బాగున్నట్టే, తప్పు ట్యాంకు దగ్గరే. తిరక్కపోతే ట్యాంకు జోలికి పోకండి, మీటర్ బోర్డు వెనక చూడండి. డీజిల్ ముల్లుతో పాటు టెంపరేచర్ ముల్లు కూడా పిచ్చిగా చూపిస్తుంటే బోర్డు ఎర్త్ (ఛాసిస్‌కి కలిపే వైరు) గానీ, పాత బోర్డుల్లో ఉండే ఓల్టేజ్ స్టెబిలైజర్ గానీ అయ్యుంటుంది.

తప్పు ట్యాంకు దగ్గరే అని తేలినా ముందు ఎర్త్ చూడాలి. ట్యాంకు రబ్బరు పట్టీల మీద కూర్చుని ఉంటుంది, బ్రాకెట్లకి రెండు మూడు పూతల పెయింట్, దాని మీద తుప్పు, ఇంక కరెంటు ఛాసిస్‌కి ఎలా పోతుంది? యూనిట్ బాడీ నుంచి ఛాసిస్‌కి ఒక వైరు లాగి, రెండు చివరలా ఇనుము మెరిసేదాకా ఉప్పుకాగితం పెట్టి రుద్ది బిగిస్తే చాలా బళ్ళకి ఇక్కడే సరిపోతుంది. హెడ్‌లైట్లు వేయగానే ముల్లు జరుగుతుంటే మాత్రం మీటర్ బోర్డు ఎర్త్ కూడా చూసుకోండి.

అప్పటికీ కాకపోతే అసలు పోటీ పాతది బాగుచేయించడానికీ కొత్తది వేయడానికీ మధ్యే. బ్యాటరీ వైరు తీసి, దగ్గర్లో బీడీ సిగరెట్ లేకుండా చూసుకుని, యూనిట్ బయటికి తీసి చూడాలి. మాది తీశాక నేను మొదట చేసింది ఇత్తడి ఫ్లోట్ చెవి దగ్గర పెట్టుకుని ఊపడం. లోపల డీజిల్ గలగలమంటే చిల్లు పడ్డట్టు, మునిగిపోతుంది కాబట్టి ట్యాంకు నిండుగా ఉన్నా ఖాళీ అనే చూపిస్తుంది. వేడి నీళ్ళలో ముంచితే చిల్లు దగ్గర బుడగలు వస్తాయి. మాది గలగలమనలేదు, ఫ్లోట్ బాగానే ఉంది. తర్వాత మల్టీమీటర్ ఓమ్స్‌లో (కరెంటుకి ఎంత అడ్డు ఉందో కొలిచే చోట) పెట్టి యూనిట్ చేతిని, అంటే ఫ్లోట్ ఉన్న కడ్డీని, కింద నుంచి పైకి మెల్లగా ఎత్తితే అంకె వరసగా మారాలి, మాదాంట్లో సగం దగ్గర ఒక్కసారిగా ఎగిరిపోయి మళ్ళీ వచ్చింది. యూనిట్ మూత విప్పి చూస్తే, చెయ్యి కదిలినప్పుడు కాంటాక్ట్ రాసుకుంటూ పోయే సన్నటి తీగ చుట్టలు ఆ చోట అరిగి నున్నగా అయిపోయి ఉన్నాయి, కాంటాక్ట్ దాని మీద జారిపోతోంది.

ఇక్కడే నా అభిప్రాయం గట్టిగా చెప్తా. మడ్డి పట్టో, కాంటాక్ట్ వదులైపోయో ఉంటే పాతదే శుభ్రం చేసి కాస్త వంచి పెట్టుకోండి, బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఒక్క ఫ్లోటే పోతే ఫ్లోటే మార్చండి, డీజిల్ నిండిన ఫ్లోట్‌కి మాత్రం టంకం పెట్టకండి, ప్రమాదం. కానీ తీగ అరిగితే బాగుచేయడమనేది ఉత్త మాట, కాంటాక్ట్ ఇంకొంచెం నొక్కి పెడితే ఇంకా తొందరగా అరిగిపోతుంది, నాలుగు నెలలకి మళ్ళీ ట్యాంకు కిందే ఉంటాం. అప్పుడు కొత్తదే మేలు.

కొత్తది కొనేటప్పుడు మాత్రం షాపులో "పెద్ద బండిది ఇవ్వు" అని తెచ్చుకోకండి. మీటరూ యూనిటూ జోడీ, ఓమ్స్ కలవాలి. ఒక రకం ఖాళీకి 10, నిండుకి 180 ఓమ్స్ ఇస్తుంది, ఇంకో రకం దానికి పూర్తిగా తలకిందులు, ఖాళీకి 240, నిండుకి 33. రకం మారిందంటే ట్యాంకు ఖాళీ అవుతుంటే ముల్లు పైకి పోతుంది! రెండోది లోతు. మా బండి ఖాళీ అయినా పావు చూపించడానికి అసలు కారణం ఇదే, ముందు ఓనర్ ఎప్పుడో ట్యాంకు మార్చి తక్కువ లోతుది వేశాడు, పాత యూనిట్ చెయ్యి పొడవుది, ఫ్లోట్ అడుక్కి తగిలేసరికి ముల్లు ఇంకా పావు మీదే ఉంటోంది. చెయ్యి వంచితే కింద సరిపోతుంది గానీ పైన ఫుల్ దాకా పోదు. అందుకని ట్యాంకు లోతు కొలుచుకుని పోయి చెయ్యి పొడవు సర్దుకునే రకం తెచ్చి వేశాం.

ఇక కర్ర. పనికిరానిదని నేననను, ఎర్త్ పోయినా వైరు తెగినా కర్ర అబద్ధం చెప్పదు. కాకపోతే బండి ఆపాలి, చదునైన చోట ఆపాలి, రాత్రి వానలో లోడు బండి దిగి ఎవరు చూస్తారు? గీతలు కూడా స్కేలు పెట్టి సమానంగా గీస్తే తప్పు, గుండ్రటి ట్యాంకులో పావు ఎత్తు దాకా డీజిల్ ఉంటే అది పావు ట్యాంకు కాదు, ఐదో వంతు కూడా ఉండదు. ఖాళీ ట్యాంకులో ఇరవై లీటర్లు పోయడం, గీత పెట్టడం, మళ్ళీ ఇరవై, మళ్ళీ గీత, అలా చేస్తేనే లెక్క నిజం. డిజిటల్ సెన్సర్‌కి కూడా ఇలాగే లీటర్ల లెక్కన సెట్ చేయాల్సిందే, ఒక్క పాత బండికి అంత అవసరం నాకైతే కనపడలేదు, పది బళ్ళుండి డీజిల్ దొంగతనం బెడద ఉన్నవాళ్ళ సంగతి వేరు.

కొత్త యూనిట్ వేసినా మా కర్ర సీటు వెనకాలే ఉంది. వారానికోసారి ఫుల్ కొట్టించే ముందు ముల్లు ఎంత చూపిస్తోందో, కర్ర ఎంత చూపిస్తోందో, బంకులో ఎన్ని లీటర్లు పట్టిందో మూడూ పుస్తకంలో రాయమని డ్రైవర్‌కి చెప్పాను, తేడా ఇరవై లీటర్లు దాటితే మళ్ళీ ఎర్త్ దగ్గర్నుంచి మొదలుపెడతాం.