రేడియం ముళ్ల పాత వాచీ: చేతికి పరవాలేదు, మూత తీస్తేనే తంటా

చీకట్లో టైము చూసుకోవడానికి పూసిన రేడియం పూత ఇది. ఇప్పుడు చీకట్లో దాంతో ఏమీ కనబడదు. దానివల్ల పడాల్సిన జాగ్రత్తలు మాత్రం ఒక్కటీ తగ్గలేదు. నల్ల డయల్, బోలు ముళ్లు ఉన్న 1940ల నాటి స్విస్ కీ వాచీని ఏళ్లుగా వాడుతున్నాక దానిమీద నాకు మిగిలిన కోపం ఇదొక్కటే. ఏ కంపెనీదన్నది అనవసరం. ఆ రోజుల్లో సైన్యాలకి వాచీలిచ్చిన కంపెనీలు చాలావరకు ఇదే పూత వాడాయి. మెషీను, కేసు, టైము పట్టు గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, వాటి జోలికి పోను.

"వెలుగు పోయిందంటే రేడియం అయిపోయినట్టే కదా" అని చాలామంది ధైర్యం చెప్పుకుంటారు. అయిపోలేదు. రేడియం-226 సగానికి తగ్గాలంటే 1600 ఏళ్లు కావాలి. 80 ఏళ్ల వాచీలో తరిగింది 4 శాతం కూడా ఉండదు. పాడైపోయింది దానితో కలిపిన జింక్ సల్ఫైడ్ పొడి. రేడియం వెదజల్లే ఆల్ఫా కణం తగిలినప్పుడల్లా మెరిసేది ఆ పొడే, అవే కణాలు దాని స్ఫటికాల్ని చెడగొట్టాయి. అంకెల మీద అందరూ మురిసిపోయే ముదురు గోధుమ రంగు కూడా ఈ చెడిపోవడంలో భాగమే. ఆ రంగు నాకూ ఇష్టమే, అద్దానికి ఇవతల నుంచి చూసినంతవరకు.

చేతికి పెట్టుకోవడం గురించి భయం ఎక్కువ, లెక్క తక్కువ. పూత నుంచి వచ్చే ఆల్ఫా, బీటా, గామా అనే మూడు రకాల కిరణాల్లో ఆల్ఫా అద్దం దాటదు. వెనకవైపు బీటాలో చాలా భాగాన్ని మెషీను ఇత్తడి, స్టీలు మూత మింగేస్తాయి. మణికట్టుకి చేరేది ముఖ్యంగా గామా. డయల్ మీద 0.2 మైక్రోక్యూరీ, అంటే 7,400 బెక్వెరల్స్ (సెకనుకి అన్ని అణువులు విచ్ఛిన్నమవుతాయి) రేడియం ఉందనుకోండి. అదంతా ఒకే చుక్కలో ఉందని లెక్కేస్తే సెంటీమీటరు దూరంలో గంటకు సుమారు 16 మైక్రోసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదు కొలత). 30 సెంటీమీటర్లకి వచ్చేసరికి అది 0.02కి పడిపోతుంది. ప్రకృతి నుంచి మనకి ఎలాగూ గంటకు 0.1 దాకా వస్తూనే ఉంటుంది, అందులో ఇది కలిసిపోతుంది. కాబట్టి ఒంటికి పెద్ద నష్టం లేదు. మణికట్టు చర్మం విషయంలో మాత్రం రోజూ, నిద్రలో కూడా పెట్టుకునే పద్ధతి వద్దు. అలా ఏడాదంతా ఉంచితే పై లెక్క ప్రకారం చర్మానికి సాధారణ ప్రజలకి పెట్టిన 50 మిల్లీసీవర్టుల పరిమితి దాటిపోతుంది. పూత చుట్టూ పరుచుకుని ఉంటుంది కాబట్టి అసలు మోతాదు ఇంతకంటే తక్కువే, అయినా అంత దగ్గరికి వెళ్లాల్సిన పనేముంది? వారానికి ఓ రెండు పూటలు పెట్టుకుని, ఇంటికి రాగానే తీసేయడం నా పద్ధతి.

ఇంతవరకు అంతా సుఖమే. చిక్కంతా ముళ్లతో వస్తుంది.

అంకెల మీది పూతకి కింద లోహం ఆధారం. బోలు ముల్లుకి అదీ లేదు. మధ్యలో కోసిన సందు, ఆ సందుకి అడ్డంగా ఒక పలచటి పొర, రెండు అంచుల పట్టు, అంతే. ఆ పొరని పట్టి ఉంచే బంక ఎండిపోయి చాలాకాలమైంది. పది రెట్ల భూతద్దంలో చూస్తే ఎండిన చెరువు అడుగులా నెర్రెలు విచ్చి ఉంటుంది. మొదట పోయేది నిమిషాల ముల్లే. అది పొడవు, దాని సందు పెద్దది. పైగా టైము దిద్దడానికి కీ లాగి గబగబా తిప్పినప్పుడల్లా ఆ కుదుపంతా దానికే.

ఈ వాచీలో జరిగింది అదే. నిమిషాల ముల్లు కొస నుంచి సగం దాకా పూత రాలింది. బయటికి కనబడే మొదటి లక్షణం అద్దం కింద కదిలే గోధుమ రంగు రేణువు. రెండోది, వాచీ ఉన్నట్టుండి ఆగడం, కాస్త కదిపితే నడవడం. రేణువు వెళ్లి చిన్న సెకండ్ల ముల్లుకీ డయల్‌కీ మధ్య ఇరుక్కుంటుంది. అక్కడ సందు మిల్లీమీటరులో చిన్న వంతే. ఇంకా సన్నగా నలిగితే సెకండ్ల ఇరుసు దూరే రంధ్రంలోంచి మెషీనులోకి దిగుతుంది, నూనెకి అంటుకుంటుంది. ఆగిన పాత వాచీని వేలితో తట్టి నడిపించడం అందరికీ అలవాటు. ఈ వాచీకి అది విషం. తట్టిన ప్రతిసారీ ఇంకో పెళ్ల ఊడుతుంది.

ఆగిన వాచీని రిపేరుకి ఇస్తే మామూలుగా ఏం జరుగుతుంది? మూత తీస్తారు, కంటికి భూతద్దం పెట్టుకుని వంగుతారు, రబ్బరు బ్లోయర్‌తో ఓసారి ఊదుతారు. బ్లోయర్ అందకపోతే నోటితోనే. అంత బలమైన భూతద్దం పెట్టుకుంటే ముక్కుకీ డయల్‌కీ మధ్య మిగిలేది రెండు మూడు అంగుళాలు. ఊదిన దుమ్ము మళ్లీ పీల్చేది ఆయనే. రేడియం లోపలికి పోతే శరీరం దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. అద్దం దాటలేని ఆల్ఫాకి ఎముక లోపల అడ్డేమీ ఉండదు. న్యూజెర్సీలోని ఆరెంజ్ పట్టణంలో కుంచె మొనని పెదాలతో సన్నం చేసుకుంటూ డయళ్లు దిద్దిన అమ్మాయిలకి దవడ ఎముకలు కుళ్లింది ఇలాగే. వాళ్ల దావా 1928లో రాజీతో ముగిసింది. వాళ్లు మింగింది తడి రంగు, ఇక్కడ ఉన్నది పొడి దుమ్ము. పోయే దారి ముక్కు కావచ్చు, నోరు కావచ్చు, చేరే చోటు మాత్రం అదే.

అమెరికా అణు నియంత్రణ కమిషన్ నిబంధనలు కూడా గీత ఇక్కడే గీశాయి. చెక్కుచెదరని పాత వాచీలో ఒక మైక్రోక్యూరీ దాకా రేడియం ఉన్నా లైసెన్సు అడగరు. ముళ్లు, డయల్ బయటికొస్తే దారి వేరు.

అందుకని రిపేరుకి ఇచ్చేముందు అడగాల్సింది ఒకటే: "ఊదకుండా చేస్తారా?" చేస్తానంటే పద్ధతి ఇలా ఉండాలి. ఫ్యాను ఆపి కిటికీ తెరవాలి. బల్ల మీద అంచులున్న ట్రే, అందులో పారేయడానికి వీలైన కాగితం. చేతులకి నైట్రైల్ గ్లోవ్స్, ముఖానికి ఎన్95. ఆ మాస్కు దుమ్మునే ఆపుతుంది, రేడియం విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే రేడాన్ వాయువుని ఆపదు. వాచీని డయల్ కిందికి ఉండేలా బోర్లించి వెనక మూత విప్పాలి, అప్పుడు రాలిన పెళ్లలు మెషీనులోకి పోకుండా అద్దంలోనే ఉండిపోతాయి. ముళ్లు లాగేముందు డయల్ మీద పలచటి ప్లాస్టిక్ షీటు కప్పి, దాని పైనుంచే ముళ్లు లేపే లీవర్లు పెట్టాలి. లేకపోతే ముల్లు టప్పున ఎగిరి పూతంతా బల్ల పాలు. ముళ్లు ఒక జిప్ కవర్లో, డయల్ ఇంకో జిప్ కవర్లో. రేణువుల్ని వాచీ పనివాళ్లు వాడే జిగట పుట్టీతో అద్ది తీయాలి, ఆ పుట్టీ ముక్క మళ్లీ వాడకూడదు. కేసునీ అద్దం లోపలి వైపునీ తడి టిష్యూతో ఒకే దిశలో తుడవాలి, ప్రతి తుడుపుకీ మడత మార్చాలి. డయల్‌కి మాత్రం తడి తగలనివ్వకూడదు. అప్పట్లో చాలాచోట్ల ఈ రంగుని నీళ్లలో కలిపిన గమ్ అరబిక్ బంకతో కలిపేవాళ్లు, నీరు తగిలితే అది మళ్లీ కరుగుతుంది.

ముళ్లని అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో వేస్తే మిగిలిన పూత క్షణాల్లో విడిపోయి ద్రావణమంతా రేడియం అవుతుంది, ఆ తర్వాత అందులో పడే ప్రతి వాచీకీ అంటుతుంది. మిగిలిన పూత నిలవాలంటే ముల్లు వెనకవైపు నుంచి సూది మొనతో రంగులేని పలచటి వార్నిష్ ఒక్క తాకు చాలు. పొర నెర్రెల్లోకి అదే పీల్చుకుంటుంది. పూర్తిగా ఆరాకే బిగించాలి. ఇది రాలడాన్ని ఆపుతుంది, గామాని తగ్గించదు.

పాత పూత గీకేసి రేడియేషన్ లేని కొత్త మెరుపు పూత లూమినోవా పూయించుకోమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. దుమ్ము లేపడానికి పొడిగా గీకడాన్ని మించిన దారి లేదు. పైగా గీకాక కూడా డయల్ పూర్తిగా శుభ్రం కాదు. ఏళ్ల తరబడి ఆగి ఉన్న వాచీలో ముళ్ల కింద డయల్ మీద వాటి ఆకారంలోనే గోధుమ మచ్చ పడుతుంది చూడండి, రేడియం పని ఎంత లోపలికి దిగుతుందో అదే చెబుతుంది.

రేడియేషన్‌ని కొలిచే గైగర్ కౌంటర్ కొని చూసేవాళ్లకి రెండు మాటలు. చవక పరికరాల్లో ఉండే ఎస్‌బీఎం-20 లాంటి ట్యూబులు ఆల్ఫాని చూడలేవు. కాబట్టి బల్ల మీద రేణువులు పడ్డాయో లేదో చూడ్డానికి అవి సగం గుడ్డివే, మైకా కిటికీ ఉన్న ట్యూబు కావాలి. అద్దానికి ఆనించినప్పుడు తెర మీద కనబడే మైక్రోసీవర్టుల అంకెని మోతాదుగా తీసుకోవద్దు. ఆ అంకె గామాకి సరిచేసింది, దగ్గర్లో బీటా దాన్ని పెంచేస్తుంది. నిమిషానికి ఎన్ని లెక్కలు పడ్డాయో పోల్చుకోండి, చాలు. ఇంకో తమాషా ఉంది. మూత తీసి గాలి తగలనిచ్చి మళ్లీ మూసిన వాచీని రెండు మూడు గంటల తర్వాత కొలిస్తే రీడింగు తగ్గి ఉంటుంది. శుభ్రం చేసినందుకు తగ్గిందని సంబరపడనక్కర్లేదు. గామాలో ఎక్కువ భాగం రేడియం నుంచి కాక, రేడాన్ విచ్ఛిన్నమయ్యాక పుట్టే లెడ్-214, బిస్మత్-214 నుంచి వస్తుంది. రేడాన్ బయటికి పోయింది, ఆ రెండూ గంటల్లో తరిగాయి. రేడాన్ అర్ధాయువు 3.8 రోజులు కాబట్టి మూసి ఉంచితే దాదాపు నెలకి రీడింగు మళ్లీ పాత చోటికే వస్తుంది.

వాచీ దాచే చోట చూసుకోవాల్సింది ఆ రేడానే. పాత కేసుకి రబ్బరు రింగు సరిగా ఉండదు, వాయువు కీ కాడ పక్కనుంచి జారిపోతుంది. పది బై పది గదిలో, పదడుగుల ఎత్తు అనుకుంటే, 28 ఘనపు మీటర్ల గాలి. పైన చెప్పిన 7,400 బెక్వెరల్స్ వాచీ నుంచి రేడానంతా బయటికొచ్చి, గది పూర్తిగా మూసి ఉంటే ఘనపు మీటరుకి 260 బెక్వెరల్స్ దాకా వెళ్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే స్థాయి 100. గంటకి గదిలో సగం గాలి మారినా అది 4కి పడిపోతుంది. ఒక్క వాచీకి కిటికీ చాలు. అదే వాచీ ఒక లీటరు డబ్బాలో ఉంటే? అందులో పదోవంతు వాయువే బయటికొచ్చినా డబ్బాలో ఘనపు మీటరుకి ఏడు లక్షల పైమాటే. డబ్బా కిటికీ దగ్గర చేయి చాచి తెరవండి, ముఖం ముందు వద్దు. 2018లో నార్తాంప్టన్, కింగ్‌స్టన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 30 పాత వాచీల సేకరణని పరిశీలిస్తే గదిలో రేడాన్ బ్రిటన్ సురక్షిత స్థాయికి వంద రెట్లు దాటింది. సేకరించేవాళ్లు ఏసీ వేసి మూసే పడగ్గదిలో పెట్టెలు పేర్చడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కొనేటప్పుడు అమ్మేవాళ్లు "రేడియం డయల్" అంటే నమ్మాల్సిన పనిలేదు, బండి నంబరు ప్లేటు స్టిక్కరునీ మనం రేడియమే అంటాం. డయల్ అడుగున 'టి' అక్షరం ఉంటే ట్రిటియం, అంటే రేడియం తర్వాత వాడిన, రేడియేషన్ బలహీనంగా ఉండే పూత. కేవలం 'స్విస్' అని ఉండి, మెరుపు పూత ఉండి, 1960లకి ముందుదైతే రేడియమే అనుకుని మొదలుపెట్టండి. యూవీ టార్చి ఆపగానే ఆరిపోతే అనుమానం బలపడుతుంది, నిమిషాల తరబడి వెలిగితే కొత్త పూత. మన మార్కెట్లో కొత్త రంగేసిన డయళ్లు చాలా ఎక్కువ. అక్కడ డయల్ కొత్తదే, ముళ్లు పాతవి, మెషీను సందుల్లో పాత దుమ్ము. కౌంటరు పెట్టకుండా తేల్చలేం.

మొదట్లో ఈ వాచీ గురించి అడిగినవాళ్లకి "సర్వీసు సులభం, ఏ మెకానిక్కైనా చేస్తాడు" అని చెప్పేవాణ్ణి. మెషీను మట్టుకి ఇప్పటికీ అదే మాట. కానీ నూనె వేయాలంటే విప్పాలి, విప్పాలంటే ఊదని మనిషి దొరకాలి. మా ఇంట్లో పసిపిల్లలు లేరు, గది కిటికీలు తెరిచే ఉంటాయి, ఉన్నది ఒక్క వాచీ, అలాంటి మెకానిక్ ఒకాయన అందుబాటులో ఉన్నారు. ఈ నాలుగూ ఉన్నంతకాలం ఉంచుకుంటాను. వీటిలో ఒకటి తగ్గినా నా సలహా ట్రిటియం వైపే. 1945 బ్రిటిష్ సైనిక వాచీల్లోనే కొన్నింటికి అక్కడి రక్షణ శాఖ తర్వాత రేడియం డయళ్లు తీసి, వృత్తంలో 'టి' ఉన్నవి వేయించింది. ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లు, 1970 నాటి పూతలో ఇప్పుడు మిగిలింది 5 శాతం లోపే, దాని బీటా అద్దం కూడా దాటదు. వాటి రంగు రేడియం అంత ముదరదు, ఆ ఒక్క లోటు ఒప్పుకోవాలి. రేడియమే కావాలంటే మాత్రం డబ్బు ఇచ్చేముందు నిమిషాల ముల్లుని పక్క వెలుతురులో దగ్గరగా తీసిన ఫొటో అడగండి. సందులో వెలుతురు గీత కనబడితే పూత రాలినట్టే, ఆ పెళ్ల ఎక్కడుందో మూత తీశాకే తెలుస్తుంది.