అమ్మానాన్నలకి హార్ట్ రేట్ వాచీ కొంటున్నారా? ముందు ఇది చదవండి

సంక్రాంతికి ఆన్‌లైన్‌లో 1,499 రూపాయలు పెట్టి నాన్నకి ఒక స్మార్ట్‌వాచీ కొన్నాను. నాన్నకి 71 ఏళ్ళు, బీపీకి మెటోప్రొలాల్ మాత్ర వేసుకుంటారు. "24 గంటలూ గుండెను కనిపెట్టుకుని ఉంటుంది" అని ప్రకటన. రేటింగులూ బాగానే ఉన్నాయి. ఊళ్ళో ఇద్దరే ఉంటారు కదా, ఇది చేతికి ఉంటే నాకు ధైర్యం అనుకున్నాను.

ఫిబ్రవరిలో అమ్మ ఫోన్ చేసింది. "మీ నాన్న నాలుగు మెట్లెక్కితే కూలబడిపోతున్నారే, లేస్తే కళ్ళు తిరుగుతున్నాయంటున్నారు." నాన్న ఫోన్ తీసుకుని, "వాచీలో 76 ఉందమ్మా, నాకేం కాలేదు, నిద్ర చాల్లేదంతే" అన్నారు. నేనూ నమ్మాను. అలా పది రోజులు పోయాయి. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

చివరికి అమ్మే పట్టుబట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నాన్న మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి, గోడ గడియారం చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టారు. 44. రెండో చేతికున్న వాచీలో అప్పుడు 75. ఈసీజీ తీస్తే అందులోనూ 44 దగ్గరే వచ్చింది. మెటోప్రొలాల్ గుండె వేగాన్ని తగ్గించే మందే. నాన్నకి ఆ మోతాదు ఎక్కువైందని డాక్టరు తగ్గించి రాశారు. కొద్ది రోజుల్లో కళ్ళు తిరగడం పోయింది. (ఇలాంటి మాత్రలు మీ అంతట మీరు మాత్రం ఆపకండి, ప్రమాదం.)

ఆ ఆదివారం వాచీ నేను పెట్టుకున్నాను. 74. మూడంతస్తులు గబగబా ఎక్కాను. గుండె దడదడలాడుతోంది, చేత్తో లెక్కపెడితే 130 దాటింది. వాచీలో 77! అది కొలవడం లేదు, 72కీ 78కీ మధ్య ఏదో ఒక అంకె వేస్తోంది. తీసి చుట్టిన తువ్వాలుకి కట్టినా 76 చూపించింది. అయితే తువ్వాలు ఒక్కటీ చూసి తేల్చేయకండి. ఈ వాచీలు చర్మం మీద ఆకుపచ్చ వెలుగు వేసి, రక్తం పారే తీరుని బట్టి తిరిగొచ్చే వెలుగులో తేడాను లెక్కేస్తాయి. మంచి వాచీ కూడా గుడ్డ మీద ఒక్కోసారి పొరపడుతుంది. మెట్లెక్కినా అంకె కదలకపోతే మాత్రం అది దేనికీ పనికిరాదు. ఆ పరీక్ష ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే చేయండి, పెద్దవాళ్ళతో వద్దు. వాచీ వచ్చిన రోజే చేయండి. నేను చేసేసరికి 7 రోజుల రిటర్న్ గడువు ఎప్పుడో దాటిపోయింది. అమ్మినవాళ్ళని అడిగితే, పెట్టె అడుగున చూసుకోమన్నారు. చీమ తలకాయంత అక్షరాల్లో "వైద్య అవసరాలకు కాదు" అని ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. మీరూ బిల్లు, పెట్టె పారేయకండి.

నాడి చూడటం అమ్మకి, నాన్నకి ఇద్దరికీ నేర్పాను. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోవాలి. అరచెయ్యి పైకి తిప్పి, బొటనవేలి మొదలుకి కిందుగా మణికట్టు మీద చూపుడువేలు, మధ్యవేలు ఆనించాలి. బొటనవేలితో చూడకూడదు, దానిలోనూ నాడి కొట్టుకుంటుంది, లెక్క తప్పుతుంది. 30 సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేయొచ్చు. దెబ్బలు సమంగా పడకపోతే నిమిషమంతా లెక్కపెట్టాలి. నాన్న రోజూ పొద్దున్నే కాఫీకి ముందు చూసుకుని క్యాలెండర్‌లో తేదీ పక్కన రాస్తున్నారు. ఇవాళ 62.

చిన్నపిల్లలకి తప్ప, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఎవరికైనా నాడి మామూలుగా నిమిషానికి 60 నుంచి 100 మధ్య ఉంటుంది. బాగా వ్యాయామం చేసేవాళ్ళకి ఇంకా తక్కువున్నా తప్పు కాదు. పదేపదే ఆ హద్దు దాటుతున్నా, తాళం తప్పుతున్నా డాక్టరుకి చూపించండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం లాంటివి ఉంటే వాచీలో ఎంతుందో చూస్తూ కూర్చోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.