లాంజ్‌లో ఏడు గంటలు, అమ్మానాన్నలతో

విమానం మారే చోట మాకు ఏడు గంటల ఖాళీ వచ్చింది. రాత్రంతా కూర్చునే ప్రయాణం చేయడంతో, దిగేసరికి అమ్మ పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచిపోయాయి. నాన్న పైకి ఏమీ అనలేదు కానీ నడుము పట్టేసిందని ఆయన నడక చూస్తేనే తెలిసిపోతోంది. వీళ్లిద్దర్నీ ఎలాగైనా విమానాశ్రయంలోని విశ్రాంతి గదిలో, అదే లాంజ్‌లో, కాసేపు నడుం వాల్చనివ్వాలి. దిగినప్పటి నుంచి నా మనసులో అదొక్కటే ఉంది.

నా దగ్గర స్టార్ అలయన్స్ గోల్డ్ కార్డు ఉంది. స్టార్ అలయన్స్ అంటే కొన్ని విమాన సంస్థల కూటమి, తరచూ వాటిలో తిరిగేవాళ్లకు ఈ కార్డు ఇస్తారు. టికెట్ ఎకానమీదైనా సరే, ఆ రోజు ఆ కూటమిలోని విమానం ఎక్కుతుంటే చాలు, ఈ కార్డుతో వాళ్ల లాంజ్‌కి వెళ్లొచ్చు. ఆ ధైర్యంతోనే ఇద్దర్నీ వెంటబెట్టుకుని తలుపు దాకా వెళ్లాను. డెస్క్ దగ్గరున్న అమ్మాయి మూడు బోర్డింగ్ పాసులూ స్కాన్ చేసి, కార్డు చూసి, "మీతో పాటు ఒక్కరికే అనుమతి ఉందండీ" అంది.

ఇది నాకు తెలియని నియమం కాదు. ఎప్పుడూ ఒంటరిగానో, ఇంకొక్కరితోనో తిరిగినవాణ్ణి కావడంతో ముగ్గురం ఉన్నామన్న లెక్క తట్టలేదు. నాన్న వెంటనే, "అమ్మను తీసుకుని నువ్వెళ్లరా. నేనిక్కడే ఏదో కుర్చీలో కూర్చుంటాను, నాకేం కాదు" అంటూ బ్యాగు భుజానికి తగిలించుకున్నారు. అమ్మేమో అక్కణ్ణుంచి కదల్లేదు. "మీ నాన్నను బయట పెట్టి నేను లోపలికెళ్లి కూర్చోవడమేంటి?" అంది. వెనకాల ఇంకో నలుగురు ఎదురుచూస్తున్నారు. ఆ రెండు నిమిషాలూ నాకు చెమటలు పట్టాయి.

డబ్బు కట్టి ఒకరిని తీసుకెళ్లొచ్చా అని అడిగాను. "వెళ్లొచ్చు, కానీ ఇప్పుడు లోపల నిండిపోయింది. ఇంకో గంటలో పెద్ద విమానాలు వెళ్లిపోతాయి, అప్పుడు రండి, చోటుంటుంది" అంది ఆ అమ్మాయి. మాట మాత్రం చాలా మర్యాదగా చెప్పింది. చివరికి అమ్మను లోపల కూర్చోబెట్టి, నేను పావుగంటకోసారి బయటికొచ్చి నాన్నను చూసుకుంటూ ఆ గంటా గడిపాను. అమ్మ మెత్తటి సోఫా వదిలేసి, తలుపు కనిపించే కుర్చీ వెతుక్కుని మరీ అందులో కూర్చుంది. నాన్న లోపలికొచ్చేదాకా మంచినీళ్లు తప్ప ఇంకేమీ ముట్టలేదు.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఈ లెక్క ముందే చూసుకోవాలి. స్టార్ అలయన్స్ గోల్డ్ గానీ, ఇలాంటి వేరే కూటముల కార్డులైన వన్‌వరల్డ్ సఫైర్, స్కైటీమ్ ఎలీట్ ప్లస్ గానీ, ఏ కార్డయినా మామూలుగా ఒక్క అతిథినే రానిస్తుంది. ఆ అతిథికి కూడా అదే కూటమి విమానంలో టికెట్ ఉండాలి. కార్డు లేకుండా బిజినెస్ క్లాస్ టికెట్‌తో వెళ్లేవారికైతే, స్టార్ అలయన్స్ నియమాల ప్రకారం, అతిథి హక్కే లేదు. లాంజ్ నడిపే సంస్థ సొంత కార్డుకు వేరే సౌకర్యాలు ఉండొచ్చు కాబట్టి ఆ సంస్థ పేజీ ఒకసారి చదువుకోవడం మంచిది. ఇంకో విషయం, చాలా చోట్ల విమానానికి 3 గంటల ముందు నుంచే రానిస్తారు. మధ్యలో విమానం మారేవారికి సాధారణంగా ఈ పట్టింపు ఉండదు.

నాకు తెలిసినంతలో విమాన సంస్థ లాంజ్‌లకు మొదలు 1939లో న్యూయార్క్ లాగార్డియా విమానాశ్రయంలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పెట్టిన అడ్మిరల్స్ క్లబ్. అప్పట్లో వాళ్లు పిలిచినవారికే ప్రవేశం. ఇప్పుడు కార్డులున్నవాళ్లు, డబ్బు కట్టేవాళ్లు, క్రెడిట్ కార్డు ద్వారా వచ్చేవాళ్లు, ఇలా అందరికీ దారి ఉంది. ఆ దారి తెరుచుకోవడం మంచిదే. కాకపోతే విమానాలన్నీ ఒకేసారి బయల్దేరే వేళల్లో కుర్చీ దొరకడం గగనం.

నాన్న లోపలికొచ్చాక మొదట చేసిన పని, స్నానానికి పేరు రాయించడం. లాంజ్‌లో అన్నిటికన్నా విలువైనది ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. భోజనం ఇంకెక్కడైనా దొరుకుతుంది, స్నానం దొరకదు. లోపలికి రాగానే ఆ మాట అడిగెయ్యాలి, ఆలస్యం చేస్తే వరస పెరిగిపోతుంది. మాకు పాతిక నిమిషాల్లో పిలుపొచ్చింది. గది చిన్నదే. కానీ గోడకు పట్టుకునే కడ్డీ ఉంది, నేల జారకుండా చాప వేసి ఉంది, కూర్చుని బట్టలు వేసుకోవడానికి ఒక బల్ల ఉంది. పెద్దవాళ్లను ఒంటరిగా పంపేముందు ఈ మూడూ ఉన్నాయో లేదో నేను చూస్తాను. వేడినీళ్లు ఏ వైపు తిప్పితే వస్తాయో నాన్నకు చూపించి, గడియ పెట్టుకోవద్దని చెప్పి బయట నిలబడ్డాను. ఇరవై నిమిషాల తర్వాత, తల ఇంకా తడిగానే ఉండగా బయటికొచ్చి, "ప్రాణం లేచొచ్చిందిరా" అన్నారు. నడుము కాస్త నిటారుగా నిలబడింది. ఆ ఒక్క మాటతో, కట్టిన రుసుముకు నాకు బెంగ లేకుండా పోయింది.

కూర్చోవడానికి చాలామంది భోజనాల దగ్గరి చోటే పట్టుకుంటారు. అక్కడ పళ్లేల చప్పుడు, ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడేవాళ్లు, నిద్ర మాటే ఉండదు. మేం చివరి మూలకు వెళ్లాం. మరుగుదొడ్డి అక్కడికి దగ్గర, లైటు తక్కువ. అమ్మ కాళ్లు ఎత్తులో పెట్టుకునేలా ఒక పీట కూడా దొరికింది. నాలుగు గంటలు కదలకుండా పడుకుంది. విమానంలో గాలిలో తేమ 20 శాతం కన్నా తక్కువే ఉంటుంది కాబట్టి, లేచాక ఇద్దరిచేతా దండిగా నీళ్లు తాగించాను. గేటు దగ్గర మళ్లీ తనిఖీ ఉందని ముందే కనుక్కున్నాను కాబట్టి సీసాలు మాత్రం నింపలేదు. తనిఖీ ఉన్న చాలా చోట్ల 100 మిల్లీలీటర్లు దాటితే పారబోయించేస్తారు. భోజనం వేడిగా ఉంది, బాగుంది, అంతకన్నా చెప్పడానికేమీ లేదు.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. మా విమానం రెండున్నర గంటలు ఆలస్యమని తెర మీద పడింది. దాని తర్వాత మేం ఎక్కాల్సిన చిన్న విమానం ఇంకొకటి ఉంది, అది ఇక అందదు. బయట ట్రాన్స్‌ఫర్ డెస్క్ దగ్గర అప్పటికే పెద్ద క్యూ. నేను నేరుగా లాంజ్ డెస్క్‌కి వెళ్లి సంగతి చెప్పాను. తలుపు దగ్గర మమ్మల్ని ఆపిన ఆ అమ్మాయే పది నిమిషాల్లో ముగ్గురికీ తర్వాతి విమానంలో పక్కపక్క సీట్లు వేసి, సామాను ట్యాగు నంబర్లు సరిచూసి, కొత్త బోర్డింగ్ పాసులు చేతిలో పెట్టింది. ప్రయాణమంతా ఒకే టికెట్ మీద ఉండబట్టే ఇది కుదిరింది. విడివిడిగా కొనుక్కుని ఉంటే చేతులెత్తేయాల్సి వచ్చేది.

ఇదివరకు ఒకసారి, అన్ని సంస్థలకూ కలిపి ఎవరో నడిపే లాంజ్‌లో నాకు ఇలాగే జరిగింది. "టికెట్ మార్పులు మా చేతిలో ఉండవు సార్" అన్నారు. వాళ్ల తప్పేమీ లేదు, వాళ్ల కంప్యూటర్లో ఆ వీలే ఉండదు. అప్పట్నుంచి నేను రెండూ ఉన్న చోట, సోఫాలు పాతబడ్డా సరే, నేను ఎక్కే విమాన సంస్థ సొంత లాంజ్‌కే వెళ్తున్నాను. గొడవలేని రోజున రెండిటికీ పెద్ద తేడా కనిపించదు. విమానం తప్పే రోజునే అది తెలుస్తుంది.

ఒక్క లోటు చెప్పాలి. విమానం మార్చినప్పుడు అమ్మ కోసం ముందే అడిగిన చక్రాల కుర్చీ కొత్త టికెట్‌లోకి రాలేదు. ఇలా జారిపోవడం మామూలేనని తెలుసు కాబట్టి నేనే అడిగి మళ్లీ రాయించాను. అయినా చెప్పిన సమయానికి మనిషి రాలేదు. ఆ లాంజ్‌లో విమానాల పిలుపులు మైకులో చెప్పరు, చాలా లాంజ్‌ల పద్ధతి అదే. మా గేటు పదిహేను నిమిషాల నడక. ఫోన్లో అలారం పెట్టుకోకపోతే, ఆ నిశ్శబ్దంలో మాకు టైమే తెలిసేది కాదు. టెన్షన్‌తో రెండుసార్లు డెస్క్‌కి వెళ్లి అడిగితే చివరికి కుర్చీ వచ్చింది. అమ్మ చెప్పుల్లో కాళ్లు పెట్టి చూసుకుని, "ఇప్పుడు పట్టాయిరా" అంది.

తిరుగు ప్రయాణంలో కూడా అక్కడే దిగుతాం. ఈసారి నాన్న ప్రవేశం ముందే ఆన్‌లైన్లో కొనేశాను, ఆ రసీదు కాగితం మీద ప్రింటు తీసి ఆయన పాస్‌పోర్టులోనే పెట్టాను.